కాటన్‌పేట సందులు, మెదడులోని పక్కదారులు

బెంగళూరు పాత పేటల్లో కాటన్‌పేట ఒకటి. కన్నడంలో అరళెపేటె అంటారు. అరళె అంటే దూది. 2020లో ఈ పేట మెయిన్‌రోడ్డును టెండర్‌ష్యూర్ పథకం కింద తవ్వడం మొదలుపెట్టారు. పైపులు, కేబుళ్లు భూమిలోకి దించి, పైన కొత్త రోడ్డు, వెడల్పాటి ఫుట్‌పాత్ వేయాలన్నది ఆ పథకం ఉద్దేశం. మధ్యలో కోవిడ్ వచ్చింది. పని అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం సాగింది. రోడ్డు మూసినా పేటలో సరుకు కదలక తప్పదు. మూటలు తలల మీద కదులుతాయి. లగేజ్ ఆటోలు అక్కిపేట, బళేపేట వైపు సందుల్లో దూరతాయి. ఎదురెదురుగా రెండు బండ్లు పట్టని చోట ఒకటి వెనక్కి జరిగి దారి ఇస్తుంది. వ్యాపారం తగ్గుతుంది. కానీ పేట బతికే ఉంటుంది.

మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు జరిగేది కూడా దాదాపు ఇదే. తేడా కాలంలో ఉంది. సందులు వెతుక్కోవడానికి పేటకు రోజులు దొరుకుతాయి. మెదడుకు చాలాసార్లు క్షణాలే దొరుకుతాయి.

ముందు ఒక మాట సర్దుకోవాలి. మన ఇళ్లలో "మెదడులో నరం బ్లాకయింది" అంటాం. నరం అన్న మాటను రక్తం పారే గొట్టానికీ, సంకేతాలు మోసే తీగకూ కలిపి వాడేస్తాం. ఇక్కడ మూసుకున్నది ధమని (గుండె నుంచి మంచి రక్తం తెచ్చే నాళం). దాని వల్ల దెబ్బతినేది నాడీకణం. ఈ రెండూ వేరు అని తెలిస్తే మిగిలిన కథ సులువు. ధమని మూసుకున్నంత మాత్రాన కణం చచ్చిపోదు. ఆ రెండింటి మధ్య కొంత వ్యవధి ఉంటుంది. అది కొందరిలో నిమిషాలు, కొందరిలో గంటలు, అరుదుగా జీవితమంతా. ఆ వ్యవధిని ఇచ్చేవి పక్కదారులే. వైద్యులు వీటిని కొలాటరల్స్ (ప్రధాన నాళానికి బదులుగా రక్తం మోసే పక్క నాళాలు) అంటారు.

మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. శరీర బరువులో అది నూటికి రెండు వంతులే. కానీ శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు ఐదో వంతు దానికే కావాలి. అది నిల్వ పెట్టుకోదు. ఏ నిమిషం తిండి ఆ నిమిషమే అందాలి. మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి పడిపోతే కణాలు పని ఆపేస్తాయి. చెయ్యి లేవదు, మాట రాదు. కానీ కణాలు ఇంకా బతికే ఉంటాయి. 10 కంటే కిందికి దిగితే నిమిషాల్లో చనిపోవడం మొదలవుతుంది. పని ఆగిన గీతకూ, ప్రాణం పోయే గీతకూ మధ్య ఉన్న ప్రాంతాన్ని పెనంబ్రా (పనిచేయకపోయినా ప్రాణం ఉన్న మెదడు భాగం) అంటారు. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన తొలి గంటల వైద్యమంతా ఈ ప్రాంతం కోసమే. దాన్ని 20కీ 10కీ మధ్య నిలబెట్టేది పక్కదారుల్లో పారే రక్తం.

ఈ దారులు ఎక్కడ ఉన్నాయి?

మెడలో నాలుగు ధమనులు పైకి వెళ్తాయి. ముందు వైపు రెండు కెరోటిడ్లు. వేలు పెడితే మెడ పక్కన కొట్టుకునేవి ఇవే. వెనక వెన్నుపూసల రంధ్రాల్లోంచి రెండు వర్టిబ్రల్ ధమనులు. ఈ నాలుగూ మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తాయి. నాలుగు దిక్కుల నుంచి వచ్చే రోడ్లు ఒక సర్కిల్‌లో కలిసినట్టు. ఒక రోడ్డు మూసుకున్నా మిగిలిన మూడింటి నుంచి వచ్చిన రక్తం సర్కిల్ చుట్టూ తిరిగి ఆ వైపుకు వెళ్లగలదు.

ఈ వలయానికి థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడి పేరు పెట్టారు. 1664లో ఆయన మెదడు నిర్మాణం మీద లాటిన్‌లో ఒక పుస్తకం వేశారు. అందులోని బొమ్మలు కొన్ని గీసింది క్రిస్టఫర్ రెన్. తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన వాస్తుశిల్పి ఆయనే. వలయాన్ని విల్లిస్ కంటే ముందు చూసినవాళ్లు ఉన్నారు. అది ఎందుకు ఉందో పట్టుకోవడం ఆయన గొప్పతనం. కడుపులో కణితితో చనిపోయిన ఒక మనిషి శవాన్ని ఆయన పరీక్షించారు. కుడి కెరోటిడ్ రాయిలా గట్టిపడి దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆ మనిషికి పక్షవాతం రాలేదు. ఎందుకని వెతికితే అదే వైపు వెనకనున్న వర్టిబ్రల్ ధమని రెండో వైపు దానికంటే మూడు రెట్లు లావుగా కనిపించింది. ముందు రోడ్డు మూతపడేకొద్దీ వెనక రోడ్డు వెడల్పయింది. ఒక ధమనిలోకి రంగు ద్రవం ఎక్కిస్తే అది మిగిలిన వాటిలోకి ఎలా పాకుతుందో కూడా ఆయన బృందం చూసింది. మూడున్నర శతాబ్దాల తర్వాత మనం స్కానింగ్‌లో చూస్తున్నది ఆ సంగతే.

అయితే ఈ సర్కిల్ అందరికీ ఒకేలా ఉండదు. పుస్తకాల్లో గీసిన పూర్తి వలయం సగం మందికంటే తక్కువ మందిలోనే ఉంటుంది. మిగిలినవారిలో ఏదో ఒక ముక్క దారంలా సన్నగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. మామూలు రోజుల్లో దీని వల్ల ఏ ఇబ్బందీ లేదు. నాలుగు రోడ్లూ తెరిచి ఉన్నప్పుడు సర్కిల్ ఎలా ఉందో ఎవరు చూస్తారు? ఒక రోడ్డు మూసిన రోజే తేలుతుంది. ఒకే రకం అడ్డంకి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి రావడానికీ, ఇంకొకరు మంచం పట్టడానికీ ఒక ముఖ్య కారణం ఇదే. ఇందులో వాళ్ల తప్పు గానీ, గొప్ప గానీ లేదు. పుట్టుకతో దొరికిన సందుల లెక్క అది.

వలయం దాటాక, అంటే దాని నుంచి బయలుదేరే ముందు, నడిమి, వెనక ధమనుల్లో, అడ్డంకి వస్తే? గుండెలో పుట్టిన రక్తపు గడ్డ ఎగిరివచ్చి వలయం అవతల నడిమి ధమనిలో ఇరుక్కుంటే సర్కిల్ ఏమీ చేయలేదు. అక్కడ రెండో వరుస రక్షణ ఉంది. మెదడు ఉపరితలం మీద, పలుచని పొర కింద, ముందు ధమని కొమ్మలూ నడిమి ధమని కొమ్మలూ కొనలు కలుపుకొని ఉంటాయి. అలాగే నడిమి, వెనక ధమనుల కొనలు. చాలా వరకు అర మిల్లీమీటరు వెడల్పు కూడా లేనివి. 1874లో జర్మన్ వైద్యుడు ఒట్టో హ్యూబ్నర్ శవాల ధమనుల్లోకి ద్రవం ఎక్కించి ఈ కలయికలు నిజంగా పారే దారులేనని చూపించారు. మామూలుగా వీటిలో రెండు వైపులా ఒత్తిడి సమానం కాబట్టి రక్తం పెద్దగా కదలదు. నడిమి ధమని మూసుకోగానే అటువైపు ఒత్తిడి పడిపోతుంది. వెంటనే పొరుగు ధమని నుంచి రక్తం కొనలోకి తోసుకొచ్చి, ఎప్పుడూ వచ్చే దిశకు ఎదురుగా, కొమ్మల్లోంచి వెనక్కి పారుతుంది. వన్‌వే రోడ్డులో బండ్లు ఎదురు నడిచినట్టు. ఇక్కడ మాత్రం అది తప్పు కాదు, ప్రాణం నిలిపే పని.

అన్ని చోట్లా ఈ సౌకర్యం లేదు. మెదడు లోతుల్లోకి దిగే సన్నని ధమనులు మొండి సందుల లాంటివి. అవతలి వైపు తెరుచుకోవు. వాటిలో ఒకటి మూసుకుంటే ఆ చిన్న ముక్కకు వేరే దారి లేదు. చేతిని, కాలిని కదిపే తీగలన్నీ కట్టగా ఆ లోతుల్లోంచే వెళ్తాయి. అందుకే పప్పుగింజంత చోటు దెబ్బతిన్నా ఒక పక్క మొత్తం పడిపోవచ్చు. ఏళ్ల తరబడి అదుపు లేని బీపీ, షుగర్ ఎక్కువగా దెబ్బతీసేది ఈ మొండి సందులనే.

సందులు తెరుచుకోవడం మూడు దశల్లో జరుగుతుంది. మొదటిది క్షణాల్లో. ఒత్తిడి తేడా వల్ల రక్తం దిశ మార్చుకుంటుంది. రెండోది నిమిషాల నుంచి గంటల్లో. ఆకలిగొన్న ప్రాంతంలోని చిన్న నాళాలు వీలైనంత వెడల్పు అవుతాయి. కణాలు కూడా వచ్చిన రక్తం నుంచి ఎక్కువ ప్రాణవాయువు పిండుకుంటాయి. మామూలుగా మూడో వంతు దాకా తీసుకునేవి రెట్టింపుకు పైగా తీసుకోగలవు. రేషన్ తగ్గినప్పుడు గంజి కూడా వదలకుండా తాగినట్టు. మూడో దశకు రోజులు, వారాలు పడుతుంది. సన్నని నాళంలో రక్తం ఒరిపిడితో వేగంగా పారుతుంటే దాని లోపలి పొర ఆ ఒరిపిడిని గుర్తిస్తుంది. తెల్లకణాలను రప్పిస్తుంది. గోడ విప్పి మళ్లీ కట్టుకుంటుంది, ఈసారి వెడల్పుగా. దీన్ని ఆర్టీరియోజెనిసిస్ (ఉన్న చిన్న ధమని పెద్ద ధమనిగా ఎదగడం) అంటారు. దీని లాభం లెక్కలో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మిగతావన్నీ సమానమైతే గొట్టం వెడల్పు రెట్టింపయినప్పుడు పారే ద్రవం 16 రెట్లు పెరుగుతుంది. సందు కాస్త వెడల్పయినా చాలు, ఎంతో తేడా.

విల్లిస్ చూసిన మనిషి ఎందుకు బాగున్నాడో ఇప్పుడు తెలుస్తుంది. అతని ధమని నెమ్మదిగా మూసుకుంది. మూడో దశకు సమయం దొరికింది. కొలెస్ట్రాల్ పేరుకొని మెడ ధమని కొన్నేళ్లలో పూర్తిగా మూసుకున్నా, ఆ సంగతి తెలియకుండానే తిరిగేవాళ్లు ఉన్నారు. గుండె లయ తప్పి గడ్డ ఎగిరివచ్చినప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. మన దేశంలో చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల గుండె కవాటం చెడినవారిలో ముప్పై ఏళ్లకే ఇలాంటి గడ్డలు రావచ్చు. వయసు చిన్నదే కావచ్చు, సందులు మంచివే కావచ్చు. కానీ వాటికి సిద్ధపడే రోజు ఒక్కటీ దొరకలేదు.

ఈ పక్కదారులకు సొంత పంపు లేదన్నది ఇంటివాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. వాటిలో రక్తాన్ని తోసేది బీపీయే. అందుకే ధమని మూసుకున్న మొదటి గంటల్లో శరీరం తనంతట తానే బీపీ పెంచుకుంటుంది. ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే 190, 200 కనిపిస్తుంది. కంగారుపడి ఎవరో ఒక బీపీ మాత్ర తెచ్చి నాలుక కింద పెడతారు. బీపీ ఒక్కసారిగా దిగుతుంది. సన్నని సందుల్లో రక్తం ఆగిపోతుంది. 20కీ 10కీ మధ్య వేలాడుతున్న ప్రాంతం కిందికి జారుతుంది. ప్రేమతో చేసిన పనే హాని చేస్తుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వని రోగుల్లో మొదటి రోజు బీపీ 220/120 దాకా ఉన్నా చాలాసార్లు వైద్యులు ముట్టుకోరు. మందు ఇవ్వాలంటే మాత్రం ముందు 185/110 కిందికి జాగ్రత్తగా దించుతారు. ఇది ఇంట్లో తేల్చే లెక్క కాదు. పైగా మెదడులో నాళం చిట్లి రక్తస్రావమైనా బయటికి అవే లక్షణాలు. అప్పుడు వైద్యం పూర్తిగా వేరు. సీటీ స్కాన్ తీయకుండా ఆ రెండింటినీ విడదీయడం ఎవరి వల్లా కాదు. అందుకే ఆస్పిరిన్ కూడా ఇంట్లో వేయకూడదు.

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. ఆ రోజు బీపీ ఎక్కువగా ఉండటం మేలు చేస్తుందంటే, ఏళ్ల తరబడి బీపీ వదిలేయవచ్చని కాదు. ఎక్కువ బీపీ, షుగర్, పొగ, వయసు కలిసి ఆ సన్నని దారులను ఒక్కొక్కటిగా సన్నబరుస్తాయి. రోజూ వేసుకునే మాత్ర సందులను కాపాడుతుంది. అడ్డంకి వచ్చిన గంటలో వేసిన మాత్ర వాటిని ఆపుతుంది. ఒకే మాత్ర, రెండు వేర్వేరు రోజులు.

సందులు కొన్నిసార్లు మనల్ని పొరపాటులో పడేస్తాయి. మూతి వంకర పోతుంది, మాట ముద్దగా వస్తుంది, పది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. గడ్డ తనంతట తానే కరిగి ఉండవచ్చు. లేదా పక్కదారులు అందుకొని ఉండవచ్చు. దీన్ని టీఐఏ (కాసేపు వచ్చి పోయే స్ట్రోక్) అంటారు. "తగ్గిపోయిందిగా" అని ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. అడ్డంకి పుట్టిన చోటు మాత్రం అలాగే ఉంది. తర్వాతి పూర్తి స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఇంకో రకం కూడా ఉంది. మెడ ధమని బాగా మూసుకుపోయినవారు లేచి నిలబడగానే ఒక చెయ్యి వణుకుతుంది. కూర్చుంటే ఆగుతుంది. ఫిట్స్ అనుకుంటారు. నిజానికి నిలబడినప్పుడు ఒత్తిడి కొద్దిగా తగ్గి, సందుల చివర ఉన్న మెదడుకు రక్తం చాలక వచ్చే వణుకు అది.

పక్కదారి ఒక్కోసారి అప్పు కూడా ఇస్తుంది. చేతికి వెళ్లే పెద్ద ధమని మొదట్లోనే మూసుకుపోతే, చెయ్యి వర్టిబ్రల్ ధమని నుంచి రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది. అంటే మెదడుకు వెళ్లాల్సింది చేతికి దిగుతుంది. 1961 నుంచి దీన్ని వైద్యులు దొంగతనం అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తున్నారు. ఊరికే కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. కాటన్‌పేటలో మూటలెత్తే హమాలీకి ఇది ఉందనుకోండి. బరువెత్తగానే ఆ చేతి కండకు రక్తం ఎక్కువ కావాలి, తల తిరుగుతుంది. రెండు చేతుల్లో బీపీ చూస్తే పెద్ద తేడా కనిపిస్తుంది. అందుకే మంచి వైద్యులు తొలిసారి బీపీని రెండు చేతులకూ చూస్తారు.

మోయామోయా అనే అరుదైన జబ్బు పక్కదారుల కథను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. జపనీస్‌లో ఆ మాటకు పొగ సుడి అని అర్థం. 1969లో సుజుకి, టకాకు ఈ పేరు పెట్టారు. వలయం దగ్గర ధమనులు నెమ్మదిగా మూసుకుపోతుంటే చుట్టూ వందలాది సన్న నాళాలు పెరిగి ఎక్స్‌రే చిత్రంలో పొగలా కనిపిస్తాయి. ఇది పిల్లల్లో కూడా వస్తుంది. ఆ పిల్లలు బెలూన్ ఊదినా, వేడి అన్నాన్ని గట్టిగా ఊదుకున్నా, వెక్కివెక్కి ఏడ్చినా చెయ్యి పడిపోవచ్చు. వేగంగా గాలి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. ఇక్కడ శస్త్రచికిత్సతో నెత్తి చర్మం కింది ధమనిని మెదడుకు కలిపి కొత్త దారి వేస్తారు, అది నిజంగా పనిచేస్తుంది.

అదే చిట్కా అందరికీ పనికిరావాలని అనిపిస్తుంది. 1967లో జ్యూరిక్‌లో యాసర్గిల్ మొదటిసారి అలాంటి బైపాస్ చేసినప్పుడు ఎన్నో ఆశలు పుట్టాయి. కానీ 1985లో 1377 మంది రోగుల అధ్యయనం వచ్చింది. కొవ్వు పేరుకొని మూసుకున్న మెడ ధమనులున్నవారిలో ఆ ఆపరేషన్ స్ట్రోక్‌లను తగ్గించలేదు. తల కింద దిండు తీసి చదునుగా పడుకోబెడితే సందుల్లో రక్తం పెరుగుతుందన్న ఆలోచన కూడా తర్కానికి బాగుంటుంది. 2017లో 11 వేలకు పైగా రోగుల మీద చూస్తే కోలుకోవడంలో తేడా కనిపించలేదు. యంత్రాంగం అర్థం కావడం ఒకటి, దాన్ని మనం నెట్టగలగడం ఇంకొకటి. పక్కదారులను పెంచే మందు ఇప్పటికీ చేతికి రాలేదు. అవి ఇచ్చే సమయాన్ని వాడుకోవడమే మన చేతుల్లో ఉంది.

ఆ సమయం ఎంత? పెద్ద ధమని మూసుకొని వైద్యం అందని సగటు రోగిలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు. ఇది సగటు. సందులు బాగున్నవారిలో ఈ వేగం ఎన్నో రెట్లు తక్కువ. గడ్డ కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతిని మొదట ఆరు గంటల్లోపే చేసేవారు. 2018లో వచ్చిన రెండు అధ్యయనాలు దాన్ని కొందరికి 16, 24 గంటల దాకా పొడిగించాయి. ఆ కొందరు ఎవరు? స్కాన్‌లో చచ్చిన భాగం చిన్నదిగా, ఆకలితో ఉన్న భాగం పెద్దదిగా కనిపించినవారు. అంటే పక్కదారులు ఇంకా నిలబెట్టి ఉంచినవారు. గడియారంతో పాటు వైద్యులు ఇప్పుడు సందులను కూడా చూస్తున్నారు.

తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. 1974లో ఏర్పడిన బెంగళూరు నిమ్హాన్స్ (మెదడు, నాడుల, మానసిక జబ్బుల ఆసుపత్రి) మీద రాయలసీమకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఉంది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగి, ఆ చుట్టుపక్కల గది తీసుకొని చూపించుకునే కుటుంబాలు ఎన్నో. పాత జబ్బుకు ఆ ప్రయాణం సరైనదే. స్ట్రోక్ వచ్చిన గంటలో అదే ప్రయాణం మొదలుపెడితే లెక్క మారిపోతుంది. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్లకు పైన. బండి మాట్లాడుకొని, డబ్బు సర్దుకొని, నగరం ట్రాఫిక్ దాటి చేరేసరికి నాలుగున్నర గంటలు రోడ్డు మీదే అయిపోతాయి. సందులు సన్నగా ఉన్న రోగి అయితే ఏ హిందూపురం దగ్గరో, బండి వెనక సీట్లోనే, ఎవరికీ తెలియకుండా ఆ గీత దాటుతాడు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్, గడ్డ కరిగించే మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లాలి. పెద్ద చోటికి పంపాలా వద్దా అన్నది ఆ స్కాన్ చూశాక అక్కడి డాక్టరు చెబుతారు.

ఏ ఆసుపత్రి తలుపు దాటినా మొదట అడిగేది ఒకటే: "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?" ఎప్పుడు పడిపోయారని కాదు. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కు లెక్క రాత్రి పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు మంచినీళ్లు అడిగి తాగారు, మాట బాగానే ఉంది. అలాంటి ఒక్క సంగతి గుర్తున్న కోడలో, మనవడో ఆ క్షణంలో డాక్టరుకు ఎంతో సాయం. ఆ వేళను కాగితం మీద రాసి బండెక్కండి. మిగతాది స్కాన్‌లో సందులు చెబుతాయి.